అయిదు లెక్కపెట్టే దాకా

(పదవ తరగతి విద్యార్థిని)

రోబో అనే మాట వింటే మా ఇంట్లో అందరికీ ముందు గుర్తుకొచ్చేది రజనీకాంత్ గారి సినిమా. 2010లో తమిళంలో 'ఎందిరన్' అని, తెలుగులో 'రోబో' అని వచ్చింది. మా నాన్న తమిళంలో చూశారు. మా మామ తెలుగులో చూశాడు. ఏది బాగుందని ఇప్పటికీ ఇద్దరూ వాదించుకుంటారు. ఆ సినిమాలో రోబో ఎంతమంది మీదికి వచ్చినా కొట్టి పడేస్తుంది. నేను చూసిన నిజమైన రోబో మాత్రం ముప్పై నలభై మంది పిల్లల మధ్య నిలబడి, ఎవరి వైపు చూడాలో తెలియక తికమకపడింది. ఆ తికమకలో నా స్నేహితురాలికి అవమానం జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది. ఆ సంగతే ఈ వ్యాసంలో రాస్తున్నాను.

రాసే ముందు తనను అడిగాను. "పేరు మాత్రం వేయొద్దు, మిగిలిందంతా ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు నవ్వింది కూడా రాయి" అంది. అందుకని అంతా రాస్తున్నాను.

మాది తిరుత్తణి పక్కన ఒక పల్లె. మా మిద్దె మీద నిలబడితే కొండ మీది మురుగన్ స్వామి గుడి కనబడుతుంది. మా ప్రాంతం ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దులు మార్చినప్పుడు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. "మేము ఎక్కడికీ పోలేదమ్మా, గీతనే జరిపినారు" అంటాడు మా తాత. అందుకే మాకు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. బడిలో పాఠాలు తెలుగులో చదువుతాం, తమిళం కూడా ఒక సబ్జెక్టుగా చదువుతాం. మా మాటలో కూడా రెండూ కలిసిపోయి ఉంటాయి. బయటి ఊరి తెలుగువాళ్ళు విని నవ్వుతారు. మాకు అలవాటే.

నా స్నేహితురాలు ఎనిమిదో తరగతి దాకా తిరువళ్ళూరులో తమిళ మీడియంలో చదివింది. వాళ్ళ నాన్నకు అక్కడ ఫ్యాక్టరీలో పని. తనకు కొంచెం నత్తి ఉంది. మాట మొదలుపెట్టగానే మొదటి అక్షరం దగ్గర ఆగిపోతుంది. కొంచెం ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాత చక్కగా చెప్తుంది. ముందు చదివిన చోట పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళంట. అందుకే తొమ్మిదో తరగతికి తిరుత్తణిలో వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వచ్చి మా బడిలో చేరింది. సెలవులకు లోకల్ రైలులో తిరువళ్ళూరు వెళ్ళి వస్తుంది. మొదటి రోజు నా పక్కన కూర్చుంది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకే బెంచీ. లెక్కల్లో తను నాకంటే బాగా చేస్తుంది. జవాబు తనకు ముందే వస్తుంది. కానీ చెప్పేలోపల ఇంకెవరో చెప్పేస్తారు.

పోయిన సంవత్సరం మా సైన్స్ సార్ మా తరగతి నుంచి పదిహేను మందిని చెన్నైలో ఒక సైన్స్ ప్రదర్శనకు తీసుకెళ్ళారు. అక్కడ మనుషులతో మాట్లాడే రోబో ఉందని ముందే చెప్పి, "ఒక్కొక్కరు ఒక ప్రశ్న రాసుకుని రండి" అన్నారు. నేను "మన ప్రధానమంత్రి ఎవరు?" అని రాసుకున్నాను. చాలామంది ఇట్లాంటివే రాసుకున్నారు. తను రాసుకున్నది వేరే. "రాత్రి అందరూ వెళ్ళిపోయాక నువ్వు ఏం చేస్తావు?" అని. ఆ రోబోకు ఇంగ్లీషు, తమిళం మాత్రమే వచ్చని సార్ చెప్పడంతో దాన్ని తమిళంలోకి మార్చుకుని రాత్రంతా అద్దం ముందు చెప్పుకుందంట.

ఆ రోజు తను సెలవుకు ఇంటికి వెళ్ళి ఉంది కాబట్టి తిరువళ్ళూరులోనే రైలు ఎక్కాలి. మా రైలు తిరుత్తణి నుంచి అరక్కోణం మీదుగా తిరువళ్ళూరు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద వాళ్ళమ్మ తన చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. మా అందరికీ పులిహోర పొట్లాలు కట్టి తెచ్చింది. కిటికీలో నుంచి నా చేతికి సంచీ అందిస్తూ, "దీన్ని కొంచెం చూసుకోమ్మా, పెద్ద ఊరు, జనం ఎక్కువ" అంది. "నేనుండాను కదా అత్తా, భయపడొద్దు" అన్నాను. ఎంత సులభంగా అనేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రదర్శనలో రోబో ముందు పెద్ద గుంపు ఉంది. మాలాగే వేరే బడి పిల్లలు కూడా ఇరవై మంది పైన వచ్చారు. రోబో నా భుజం అంత ఎత్తు. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, కింద చక్రాలు, ఛాతీ మీద తెర, కళ్ళలో నీలం వెలుగు. ఎవరైనా మాట్లాడితే అటు తల తిప్పుతుంది. మేమంతా దాని చుట్టూ అర్ధచంద్రంలా నిలబడ్డాం. మొదట్లో బాగానే జరిగింది. ఒకరు పేరు అడిగితే చెప్పింది. ఒకరు పాట పాడమంటే పాడింది. కాసేపటికి అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. అది ఇటు తిరిగి, అటు తిరిగి, సగం జవాబు చెప్పి ఆపేసి, మళ్ళీ ఇటు తిరిగింది. చివరికి ఎదురుగా గట్టిగా అరిచే ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆగిపోయింది. పక్కన ఉన్న మా వైపు చూడనే లేదు. దాని పక్కన నిలబడిన అక్క "ఒక్కొక్కరుగా అడగండి" అని తమిళంలో చెప్తూనే ఉంది. ఎవరూ వినలేదు.

నేను నా స్నేహితురాలిని ముందుకు తోశాను. "అడుగు, అడుగు" అన్నాను. తను కాగితం మడిచి చేతిలో పెట్టుకుని "రాత్తిరి..." అంది. తరువాతి మాట దగ్గర ఆగిపోయింది. రోబో తన వైపు తిరిగింది. నీలం కళ్ళు ఒక్కసారి మెరిశాయి. తను ఊపిరి పీల్చుకునేలోపల అది చెయ్యి ఊపి, "గుడ్ నైట్!" అని చెప్పి, అటువైపు తిరిగిపోయింది.

అందరూ పగలబడి నవ్వారు. పట్టపగలు పదకొండు గంటలకు రోబో గుడ్ నైట్ చెప్పింది కదా, నాకూ నవ్వొచ్చింది. నవ్వేశాను. నవ్వుతూ తన వైపు చూశాను. తను రోబోను చూడలేదు. నన్నే చూస్తా ఉంది.

మధ్యాహ్నం తను పులిహోర తినలేదు. తిరుగు రైలులో ఇంకో బెంచీలో కూర్చుంది. రైలు తిరువళ్ళూరులో ఆగింది. వాళ్ళమ్మ పొద్దున నిలబడిన చోటే నిలబడి ఉంది. తను దిగి, నా కిటికీ దాటి నడిచి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ మాత్రం నాకు చెయ్యి ఊపింది. పొద్దున నాకు అప్పగించిన పని నేను సరిగ్గా చేశాననే ఆమె అనుకుంటా ఉంది. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సోమవారం తను వేరే బెంచీలో కూర్చుంది. వారం రోజులు మాటల్లేవు. నేను మనసులో తప్పంతా రోబో మీద వేశాను. "ఆ రోబో సరిగ్గా పనిచేయలేదు సార్, ఊరికే గుడ్ నైట్ చెప్పింది" అన్నాను సైన్స్ సార్‌తో. సార్ ఒక నిమిషం ఆలోచించి, "అది సరిగ్గానే పనిచేసింది. దానికి నేర్పించిందే అది చేసింది" అన్నారు. తర్వాత ఆయన చెప్పినవి, పుస్తకాల్లో చూపించినవి నాకు అర్థమైనంతవరకు రాస్తాను.

ఇట్లాంటి రోబోకు తల చుట్టూ ఒకటి కంటే ఎక్కువ మైకులు ఉంటాయి. 2014లో జపాన్‌లో వచ్చిన 'పెప్పర్' రోబోకు తలలో నాలుగు ఉన్నాయి. శబ్దం ఏ మైకుకు ముందు చేరింది, ఏ మైకుకు వెనుక చేరింది అనే చిన్న తేడాను బట్టి మాట ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్క వేస్తుంది. కెమెరాతో ఆ దిక్కున ముఖం ఉందేమో వెతుకుతుంది. దొరికితే అటు తిరుగుతుంది. ఒక్కరే ఉంటే ఇది సులభం. పదిమంది ఒకేసారి మాట్లాడితే శబ్దాలు కలిసిపోతాయి, గట్టిగా వినబడిందే మిగులుతుంది. అందుకే అరిచేవాళ్ళ వైపే తిరిగింది.

ఇక మాట ఎప్పుడు అయిపోయిందని దానికి ఎట్లా తెలుస్తుంది? మనం ఎదుటివాళ్ళ ముఖం చూసి తెలుసుకుంటాం. చాలా యంత్రాలు నిశ్శబ్దాన్ని చూస్తాయి. ఒక సెకనో, అంతకంటే తక్కువో శబ్దం రాకపోతే 'ఈ మనిషి చెప్పడం అయిపోయింది' అని నిర్ణయించుకుంటాయి. అప్పటిదాకా విన్న ముక్కకే జవాబు చెప్తాయి. నా స్నేహితురాలు ఊపిరి కోసం ఆగిన ఆ సెకనులో దాని లెక్క ప్రకారం ప్రశ్న అయిపోయింది. వినబడింది 'రాత్తిరి' ఒక్కటే. అందుకే గుడ్ నైట్.

"మరి ఇంకా ఎక్కువసేపు ఆగమని నేర్పిస్తే సరిపోతుంది కదా సార్?" అన్నాను. "ఎక్కువసేపు ఆగితే మనుషులు అది పాడైపోయిందని అనుకుంటారు. మళ్ళీ అడుగుతారు, విసుక్కుంటారు, వెళ్ళిపోతారు. ఎంతసేపు ఆగాలనేది మన ఓపికను చూసి పెట్టిన కొలత" అన్నారు సార్. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. దానికి తక్కువ ఓపిక ఎందుకుంది? మనకు తక్కువ ఓపిక ఉంది కాబట్టి.

మనుషుల మధ్య తిరిగే రోబోలు మన దగ్గర కూడా కొత్తేమీ కాదని సార్ చెప్పారు. 2016 నవంబరులో చెన్నైలో సిటీ యూనియన్ బ్యాంకు వాళ్ళు 'లక్ష్మి' అనే రోబోను పెట్టారు. ఖాతాదారులతో ఇంగ్లీషులో మాట్లాడేది. ఖాతాలో డబ్బు ఎంత ఉంది లాంటి సొంత విషయాలు పైకి చెప్పకుండా తెర మీద చూపించేట్టు దాన్ని తయారుచేశారు. పక్కన వేరేవాళ్ళు ఉంటారు కదా. గుంపులో ఏది పైకి చెప్పాలి, ఏది చెప్పకూడదు అనేది కూడా నేర్పించాల్సిన మర్యాదే. 2017 నవంబరు 28న హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరులో తయారైన 'మిత్ర' అనే రోబో వేదిక మీదికి వచ్చి ప్రధానమంత్రి మోదీ గారికి, ఇవాంకా ట్రంప్ గారికి స్వాగతం చెప్పింది. ఎదురుగా హాలు నిండా జనం. కానీ వేదిక మీద ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే అనుకుని ఉంటారు. మా ప్రదర్శన దగ్గర అట్లాంటి ఏర్పాటు ఏదీ లేదు. బజారులాంటి గుంపు. అదే కష్టమంట.

బయటి దేశాల్లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. 1998లో అమెరికాలో వాషింగ్టన్‌లోని ఒక పెద్ద మ్యూజియంలో 'మినర్వా' అనే రోబో రెండు వారాలు జనానికి వస్తువులు చూపిస్తూ తిరిగింది. జనం దారికి అడ్డంగా నిలబడితే ముందు నవ్వు ముఖంతో అడిగేది. తొలగకపోతే కనుబొమ్మలు ముడిచి కోపం ముఖం పెట్టేది. గుంపును దాటాలంటే యంత్రానికి కూడా ముఖం కావాల్సి వచ్చింది.

2009లో బిల్గే ముట్లూ, తకయుకి కాండా, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళు ఇంకో పరీక్ష చేశారు. ఒక రోబో ఇద్దరు మనుషులతో ప్రయాణాల గురించి మాట్లాడుతుంది. కొన్నిసార్లు ఇద్దరినీ సమానంగా చూస్తుంది. కొన్నిసార్లు ఒకరినే చూస్తుంది, రెండో మనిషిని పట్టించుకోదు. దాని చూపు మారిస్తే చాలు, ఎవరు మాట్లాడాలనేది మారిపోయింది. రోబో చూసినవాళ్ళు మాటలో కలిశారు. చూడనివాళ్ళు ఆ గుంపులో తాము లేనట్టే అనుకున్నారు, వాళ్ళకు ఆ రోబో అంతగా నచ్చలేదు కూడా. ఇది చదివినప్పుడు నాకు మా తరగతి గుర్తొచ్చింది. ఎవరూ ఎవరినీ "నువ్వు మాట్లాడొద్దు" అని చెప్పరు. అటువైపు చూడరు, అంతే.

మూడో సంగతి రాయడం నాకు కష్టంగా ఉంది. జపాన్‌లో ఒసాకాలో ఒక షాపింగ్ మాల్‌లో 'రోబోవీ' అనే రోబోను తిప్పారు. చిన్నపిల్లలు గుంపుగా చేరి దాని దారికి అడ్డం నిలబడేవాళ్ళు, తిట్టేవాళ్ళు, కొందరు కొట్టేవాళ్ళు కూడా. పక్కన పెద్దవాళ్ళు ఉంటే ఊరుకునేవాళ్ళు. అందుకని పరిశోధకులు దానికి ఒక ఉపాయం నేర్పించారు. పిల్లల గుంపు చుట్టుముట్టేటట్టు ఉంటే, ఎత్తును బట్టి పెద్దవాళ్ళెవరో గుర్తుపట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఈ సంగతి 2015లో ప్రకటించారు. అట్లా చేసిన పిల్లలను తర్వాత అడిగితే, అది యంత్రంలాంటిది అని కాదు, మనిషిలాంటిదే అని చాలామంది చెప్పారంట.

ఒక్క పిల్లవాడు ఒంటరిగా ఉంటే బహుశా కొట్టడు. గుంపులో ఉంటే చేయి లేస్తుంది. నేను కూడా ఒంటరిగా ఉంటే నా స్నేహితురాలిని చూసి ఎప్పుడూ నవ్వలేదు. గుంపు నవ్వింది, నేను నవ్వాను. రోబో అయినా పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగింది. తను ఎక్కడికి వెళ్ళాలి? తన పెద్దమనిషిని నేనే కదా ఆ రోజు. వాళ్ళమ్మ అప్పగించింది నాకే.

ఆ రోజు సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను. తను వాకిట్లో కూర్చుని పూలు కడతా ఉంది. నేను పక్కన కూర్చుని నాలుగు పూలు తీసుకుని కట్టడం మొదలుపెట్టాను. చాలాసేపటికి "నేను నవ్వి ఉండకూడదు" అన్నాను.

తను తల ఎత్తలేదు. ఏదో చెప్పబోయి ఆగింది. నేను ఏదో ఒకటి చెప్పి ఆ నిశ్శబ్దాన్ని నింపుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"రోబో తిరిగిపోయింది, సరే. అ... అది మిషను. నువ్వెందుకే తిరిగిపోయినావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏడ్చాను. తనూ ఏడ్చింది. వాళ్ళ అమ్మమ్మ లోపలి నుంచి వచ్చి "ఏమయిందే మీకిద్దరికీ, పూలన్నీ నలిపేస్తా ఉండారు" అని కసిరింది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది. మరుసటి రోజు తను మళ్ళీ నా బెంచీకి వచ్చింది.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి మా తరగతి ఏదైనా చేయాలని సార్ అన్నారు. మేము ఒక అట్ట రోబోను చేశాం. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒళ్ళు, బిస్కెట్ డబ్బా తల, నీళ్ళ పైపు మెడ, రెండు టార్చి బల్బులు కళ్ళు. పెట్టెలో మా తరగతి అబ్బాయి ఒకడు కూర్చుని పైపు తిప్పుతూ మాట్లాడతాడు. అంటే మా రోబోలో తెలివి అంతా వాడిదే. ఆ తెలివికి నియమాలు మాత్రం మేమందరం కలిసి రాశాం. దాని మీద మూడు రోజులు గొడవపడ్డాం.

మొదటి నియమం: జవాబు ఒకరికి చెప్తున్నా, చెప్పేటప్పుడు అందరి వైపూ ఒక్కసారైనా చూడాలి. దీనికి అందరూ ఒప్పుకున్నారు.

రెండో నియమం: ఇంతవరకు ఎవరు మాట్లాడలేదో గుర్తుపెట్టుకుని వాళ్ళ వైపు తిరగాలి. ఇది నేను చెప్పాను, మంచి నియమం అనుకున్నాను. నా స్నేహితురాలే ఒప్పుకోలేదు. "నా వైపే తిరిగి నిలబడితే అందరూ న... నన్నే చూస్తారు. అది ఇంకా భయం" అంది. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. అందుకని మార్చాం. మాట్లాడనివాళ్ళ వైపు ఒకసారి చూడాలి, చూపు తీసేయాలి, కాసేపాగి మళ్ళీ చూడాలి. వాళ్ళకు ఇష్టమైతే అడుగుతారు. అడగకపోయినా చూడటం మానకూడదు.

మూడో నియమం తను రాసింది: మాట ఆగితే అయిపోయిందని అనుకోకూడదు. అయిదు లెక్కపెట్టాలి. పెట్టెలో కూర్చునే అబ్బాయి "అయిదంటే చాలా లేటు, జనం నిద్రపోతారు" అన్నాడు. మూడు చాలన్నాడు. తను ఒప్పుకోలేదు. చివరికి అయిదే ఖాయమైంది.

నాలుగో నియమం: ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెప్పాలి, రెండూ కలిపి అడిగితే కలిపే చెప్పాలి. ఇది రాసేటప్పుడు మాకు తిరుత్తణి బస్‌స్టాండు గుర్తుకొచ్చింది. అక్కడ నిలబడితే "అన్నా, తిరుపతి బస్ ఎప్పో వరుమ్?" అని ఒకరు అడుగుతారు, "ఇప్పుడే పోయింది, అడుత్తదు అరగంటకు" అని ఇంకొకరు చెప్తారు. ఆడి కృత్తికకు కావళ్ళు ఎత్తుకుని తమిళంవాళ్ళూ, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళూ వేలమంది వస్తారు. అక్కడ రోబోను పెడితే అది తెలుగువాళ్ళ ముందు తమిళంలోనే మాట్లాడితే, వాళ్ళ వైపు తిరిగినా తిరగనట్టే. మన దేశ భాషలన్నీ యంత్రాలకు నేర్పించాలని కేంద్ర ప్రభుత్వం 2022లో 'భాషిణి' అని ఒక పని మొదలుపెట్టింది. అందులో తెలుగు కూడా ఉంది. మా తిరుత్తణి తెలుగు కూడా దానికి ఎవరైనా వినిపించాలని నా కోరిక.

సైన్స్ దినోత్సవం రోజు హాలులో ఆరో తరగతి నుంచి పది దాకా పిల్లలు, టీచర్లు, కొందరు అమ్మానాన్నలు ఉన్నారు. నా స్నేహితురాలి వాళ్ళమ్మ కూడా తిరువళ్ళూరు నుంచి వచ్చింది. అట్ట రోబో అందరి ప్రశ్నలకూ జవాబు చెప్తా ఉంది. చిన్నపిల్లలు అరిచారు, పెట్టె లోపలి అబ్బాయికి చెమటలు పట్టాయి. ఒకసారి తల ఊడి పక్కకు ఒరిగింది, మళ్ళీ పెట్టుకున్నాడు. నియమం ప్రకారం బిస్కెట్ డబ్బా తల మా వైపు ఒకసారి తిరిగింది, వెళ్ళిపోయింది. మళ్ళీ తిరిగింది. మూడోసారి తిరిగినప్పుడు తను లేచి నిలబడింది.

"రాత్రి..." అంది. ఆగిపోయింది.

హాలు నిశ్శబ్దమైంది. ముందు వరుసలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు కిసుక్కుమన్నాడు. ఎవరో దగ్గారు. నాకు ఆ పిల్లవాడి నోరు మూయాలనిపించింది. ఆ ప్రశ్న నాకు తెలుసు, నేనే లేచి అడిగేయాలని కూడా అనిపించింది. అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టాను. అయిదు అయిపోయింది. తను ఇంకా మొదలుపెట్టలేదు. బిస్కెట్ డబ్బా తల కదలలేదు. రెండు టార్చి బల్బులు తన వైపే ఉన్నాయి. మూడు చాలని గొడవపడిన ఆ అబ్బాయి ఏడో, ఎనిమిదో లెక్కపెట్టి ఉంటాడు.

"రాత్రి అందరూ వెళ్ళిపోయాక నువ్వు ఏం చేస్తావు?" అని అడిగేసింది.

పెట్టెలో నుంచి "చార్జింగ్ పెట్టుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటాను అక్కా" అని వచ్చింది. హాలంతా నవ్వింది. ఈసారి అందరికంటే ముందు తనే నవ్వింది. వాళ్ళమ్మ వైపు చూశాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉంది. ఆ రోజు చెన్నైలో జరిగింది ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక చదివితే తెలుస్తుంది. అత్తా, నన్ను క్షమించండి.

ఇప్పుడు నేను ఏ గుంపులో ఉన్నా చూస్తున్నాను. ఎవరి వైపు ఎవరూ తిరగడం లేదా అని. మా ఇంట్లోనే దొరికింది. మా అవ్వకు చెవులు సరిగ్గా వినబడవు. రాత్రి అందరం కలిసి అన్నం తినేటప్పుడు మేము గబగబా మాట్లాడుకుంటాం. అవ్వ ఏదో అనబోయి మానేస్తుంది. ఇన్నేళ్ళూ నేను గమనించలేదు. ఈమధ్య అవ్వ వైపు తిరిగి కూర్చుని తింటున్నాను. ఒకరోజు చాలాసేపు ఆగాక, తను చిన్నప్పుడు చదివిన బడి గురించి చెప్పింది. మా నాన్నకు కూడా తెలియని సంగతులు.

రోబోలు రేపు ఇంకా ఎక్కువ వస్తాయి. ఆసుపత్రిలో, బ్యాంకులో, బహుశా మన బస్‌స్టాండులో కూడా. వాటిని తయారుచేసేది మనలాంటి పిల్లలే పెద్దయ్యి. నా స్నేహితురాలు కంప్యూటర్ సైన్స్ చదువుతానంటా ఉంది. తను చేసే రోబో ఎంతసేపు ఆగుతుందో నాకు ముందే తెలుసు. కానీ అంతవరకు మనం రోబోల కోసం కాచుకోనవసరం లేదు. తల తిప్పడం మనకు వచ్చు, లెక్కపెట్టడం మనకు వచ్చు. మీ తరగతిలో ఎవరైనా మాట మొదలుపెట్టి ఆగిపోతే, దయచేసి మీరు పూర్తి చేయకండి. అటువైపు తిరిగి, అయిదు లెక్కపెట్టండి. అయిదు చాలకపోతే ఇంకో అయిదు.